గీత కొట్టిన నంబరే సాక్ష్యం

అమెరికాలో పాత సైనిక ఆయుధాల వేలంపాటకి సోవియట్ స్నైపర్ రైఫిల్ వచ్చిందంటే, దాని వర్ణనలో ముందుగా కంటపడే మాట "ఆల్ మ్యాచింగ్". బ్యారెల్, బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ), మ్యాగజైన్ అడుగు మూత, పిడి చివరి రేకు, స్కోపు అనే దుర్భిణిని పట్టి ఉంచే మౌంటు, అన్నిటి మీదా ఒకటే నంబరు ఉందని దానర్థం. ఆ రెండు మాటలు ఉంటే ధర వందల డాలర్లు పెరుగుతుంది, లేకపోతే చాలామంది ఆగి చూడను కూడా చూడరు. ఈ మోజు కొనేవాళ్లకీ చేటు చేస్తోంది, రైఫిళ్లకీ చేటు చేస్తోంది. మోసిన్ అనే పాత రష్యన్ రైఫిల్‌తో చేసిన స్నైపర్ విషయంలో నంబర్లన్నీ నీట్‌గా కలిశాయంటే మురిసిపోయే ముందు అనుమానించాలి. పాత నంబరు మీద అడ్డగీత కొట్టి, పక్కనే కొత్త నంబరు గుద్దిన రైఫిల్‌ని మాత్రం కాస్త గౌరవంగా చేతిలోకి తీసుకోవాలి.

ఎందుకంటే, ఈ రైఫిళ్లు యుద్ధం అయ్యాక నేరుగా మన దగ్గరికి రాలేదు. సోవియట్ ఆయుధాగారాలు వాటిని పూర్తిగా విప్పి, భాగాలు గుట్టలుగా పోసి, తుప్పు దులిపి, మళ్లీ నీలి పూత వేసి, అరిగినవి మార్చి, చేతికందిన భాగాలతో తిరిగి కూర్చాయి. ఏ బోల్టు ఏ బ్యారెల్‌తో ఫ్యాక్టరీలో పుట్టిందో అక్కడ ఎవరూ లెక్క పెట్టలేదు. కూర్చాక బ్యారెల్ నంబరును మిగతా భాగాల మీద గుద్దారు, కొన్నిసార్లు విద్యుత్ సూదితో గీశారు. పాత నంబరు అడ్డొస్తే దాని మీదుగా గీత కొట్టారు. కలెక్టర్లు దీన్ని "ఫోర్స్ మ్యాచ్" అంటారు. ఆ తరవాత కొయ్యకి ఎర్రగా మెరిసే లక్క వార్నిష్ పూసి, జిడ్డు గ్రీజులో ముంచి, పెట్టెల్లో సర్ది దశాబ్దాల పాటు గిడ్డంగుల్లో ఉంచారు. మార్కెట్లో దొరికే పీయూ స్కోపున్న స్నైపర్లలో చాలా పెద్ద భాగం ఈ దారినే వచ్చింది. కాబట్టి "ఆల్ మ్యాచింగ్" అని ఎవరైనా అంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏ మ్యాచింగ్? ఫ్యాక్టరీదా, ఆయుధాగారానిదా, లేక పోయిన ఏడాది ఎవరి షెడ్డులోనో గుద్దిందా?

మూడో రకం పెరుగుతోంది. అక్షరాలు గుద్దే అచ్చుల సెట్టూ సుత్తీ కొనుక్కున్న ప్రతివాడూ నంబర్లు కలపగలడు. గీత కొట్టిన నంబరును అనుకరించడం కూడా అసాధ్యమేం కాదు, కాని మోసగాడికి ఆ శ్రమ దండగ, ఎందుకంటే మార్కెట్ దానికి డబ్బివ్వదు. మార్కెట్ దేనికి డబ్బిస్తుందో అదే నకిలీ అవుతుంది.

ఏ రైఫిల్ గురించి మాట్లాడుతున్నాం

మోసిన్ రైఫిల్ 1891 నాటిది. 1930లో దాన్ని కురచ చేసి, సైటు మార్చి 91/30 అన్నారు. 1930ల్లో దానికే స్కోపు బిగించి స్నైపర్ రైఫిళ్లు చేశారు. ఆ కాలపు ప్రధాన స్కోపు పీఈ, జర్మన్ నమూనా మీద తయారైన 4 రెట్ల అద్దం. దానికి కంటి దగ్గర ఫోకస్ తిప్పే రింగు ఉండేది. ఆ సందులోంచి తేమ లోపలికి పోతోందని తరవాత రింగు తీసేశారు, అది పీఈఎం. మౌంటు మొదట రిసీవరు (బ్యారెల్ వెనక, బోల్టు కదిలే ఇనుప భాగం) నెత్తిన ఉండేది, తరవాత ఎడమ పక్కకి మారింది. ఇవి ఈరోజు అరుదు, ఖరీదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిది, తప్పు చేస్తే ఆ తప్పు చాలా పెద్దది అవుతుంది.

1940 నాటికి సోవియట్ సైన్యం మనసు టోకరేవ్ సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ ఎస్‌వీటీ-40 మీదకి మళ్లింది. దానికోసమే 3.5 రెట్ల చిన్న స్కోపు పీయూ పుట్టింది. కాని ఎస్‌వీటీ గుళ్లు స్నైపర్‌కి సరిపోయేంత దగ్గర దగ్గరగా పడలేదు, ముఖ్యంగా నిలువున చెదిరాయి. దాంతో 1942లో పీయూ స్కోపును తెచ్చి మోసిన్‌కి బిగించారు. ఆ మౌంటు కొచెతోవ్ రూపొందించింది. ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీ ఎక్కువగా చేసింది. జర్మన్లు తులా నగరం అంచుకి రావడంతో 1941లో అక్కడి యంత్రాలు తరలిపోయాయి, అందుకే తులా పీయూ స్నైపర్ల మీద మనకి కనిపించేవి 1943, 1944 సంవత్సరాలే. తులా ముద్ర నక్షత్రం, లోపల బాణం. ఇజెవ్‌స్క్‌ది త్రిభుజంలో బాణం. తులావి తక్కువ కాబట్టి ధర ఎక్కువ. తులా స్నైపర్ మీద రష్యన్ లిపిలో "ఎస్‌ఎన్" అని రెండక్షరాలు గుద్ది ఉంటాయి, రష్యన్ రానివాళ్లకి అవి ఇంగ్లిష్ సి, హెచ్‌లా కనిపిస్తాయి. ఇజెవ్‌స్క్ రైఫిల్ మీద ఆ అక్షరాలు వెతకొద్దు, లేకపోతే నకిలీ అనుకోవద్దు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఈ పీయూ మోసిన్ గురించే. సామాన్యుడు నిజంగా కొనగలిగేది ఇదే.

తుపాకీని చదవడం

కొయ్యలోంచి విప్పి చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి. రెండు పెద్ద స్క్రూలు, ఒకటి అడుగున మ్యాగజైన్ ముందు, ఇంకోటి రిసీవరు తోక మీద. అయిదు నిమిషాల పని. ఆన్‌లైన్ వేలమైతే విప్పిన ఫోటోలు అడగండి. "తరవాత పంపిస్తా" అన్నవాళ్లని వదిలేయండి.

ముందు రిసీవరు ఆకారం చూడండి. 1930ల మధ్య వరకూ వచ్చిన మోసిన్‌లకి రిసీవరు పైభాగం పలకలుగా ఉండేది, తరవాత గుండ్రంగా మారింది. పలకల రిసీవరు మీద పీయూ మౌంటు కనిపిస్తే ఇంకేం చూడనక్కర్లేదు, ఎవరో మామూలు రైఫిల్‌కి బెజ్జాలు వేశారు. తరవాత సంవత్సరాలు. బ్యారెల్ మీద ఒక సంవత్సరం పైకే కనిపిస్తుంది. రిసీవరు తోక అడుగున ఇంకోటి దాగి ఉంటుంది, విప్పితేనే తెలుస్తుంది. రెండూ ఒకటైతే మంచిదే. రిసీవరు 1930ల ఆరంభానిది, బ్యారెల్ 1943ది అయితే, ఆ బ్యారెల్ ఎప్పుడు, ఎవరు ఎక్కించారో ఆలోచించాలి.

తరవాత ఎడమ పక్క. అసలైన ఇజెవ్‌స్క్ పీయూ స్నైపర్‌కి బ్యారెల్ మొదట్లో ఎడమ వైపున సాధారణంగా స్కోపు నంబరు గుద్ది ఉంటుంది. ఇది రైఫిల్ నంబరు కాదు, స్కోపు గొట్టం మీద ఉన్న నంబరు. ఆయుధాగారంలో స్కోపు మారితే, బ్యారెల్ మీది పాత స్కోపు నంబరుకి గీత పడి, కొత్త స్కోపు నంబరు కింద చేరుతుంది. నా వాదనంతా ఈ చిన్న చోటు మీదే ఉంది. ఒక నంబరు, దాని మీద గీత, కింద ఇంకో నంబరు. ఈ రైఫిల్ స్నైపర్‌గానే పుట్టిందని, కనీసం రెండు స్కోపులు మోసిందని, ఎవరో గుమస్తా పద్ధతిగా ఆ మార్పు నమోదు చేశాడని ఆ ముక్క చెబుతోంది. కాగితం పోయినా ఇనుము మీద లెక్క మిగిలింది. కొందరు ఈ గీతల్ని ఆకురాయితో అరగదీసి "శుభ్రం" చేస్తారు. అది ఒక చారిత్రక పత్రాన్ని చింపేయడమే.

ఇప్పుడు బేసు. ఎడమ పక్కన రిసీవరుకి రెండు పెద్ద స్క్రూలు, రెండు పిన్నులతో బిగించిన, మౌంటు కూర్చునే ఉక్కు పలక అది. పెద్ద స్క్రూలు కదలకుండా చిన్న లాక్ స్క్రూలు ఉంటాయి. ఇవి లేకపోతే కాల్చేటప్పుడు బేసు నెమ్మదిగా వదులవుతుంది, గురి ఎందుకు తప్పుతోందో తెలీక మనిషి స్కోపుని తిడతాడు. బేసు చుట్టూ నీలి పూత చూడండి. రిసీవరు మీద పాత పూత, బేసు అంచున కొత్త గీరలు, తాజా మెరుపు కనిపిస్తే బేసు ఈమధ్యే బిగించారు. స్క్రూల తలల్లో స్క్రూడ్రైవర్ జారిన గుర్తులు కూడా అదే చెబుతాయి.

బోల్టు పిడి. స్కోపు అడ్డం వస్తుంది కాబట్టి స్నైపర్ బోల్టు పిడి కిందికి వంగి, మామూలుదానికంటే పొడుగ్గా ఉంటుంది. తిన్నటి పిడిని కోసి, వంగిన ముక్క అతికిస్తే మొదట్లో వెల్డింగ్ మచ్చో, పూత రంగులో తేడాయో తెలుస్తుంది. వేలు పెట్టి తడమండి, కంటికి కనిపించనిది గోటికి తగులుతుంది.

కొయ్యలో బేసు కోసం ఎడమ పక్కన కోత ఉంటుంది. పాత కోత అంచులు లక్క పట్టి, మొద్దుబారి, నూనె నల్లగా ఇంకి ఉంటాయి. కొత్త కోత తెల్లగా ఉంటుంది, లేదా తెల్లదనం కప్పడానికి వేసిన రంగు అడుగుకి పోకుండా పైనే ఉంటుంది.

ఆఖరున స్కోపు. పీయూ చిన్నది, 17 సెం.మీ. పొడవు కూడా ఉండదు, బరువు 270 గ్రాములు. గొట్టం మీద ఫ్యాక్టరీ ముద్ర, సంవత్సరం, నంబరు ఉంటాయి. పైనున్న, గురి ఎత్తు సర్దే డ్రమ్ 1300 మీటర్ల వరకు, పక్కనున్న, గురిని పక్కకి సర్దేది ఇరువైపులా 10 గీతల వరకు. కొత్తగా తయారవుతున్న నకలు స్కోపులు బోలెడు వస్తున్నాయి. వాటిలో చెక్కడం మరీ సమంగా, మరీ పదునుగా ఉంటుంది, అద్దం మీద నేటి కెమెరా లెన్సులకుండే ఊదా మెరుపు కనిపిస్తుంది. నకలు స్కోపు పెట్టుకోవడం నేరమేం కాదు, బాగానే పనిచేస్తాయి కూడా. అసలుదని చెప్పి అమ్మడమే మోసం. అసలు స్కోపులో చూడాల్సినవి: అద్దం లోపల బూజు దారాలు, జిగురు విడిపోయి ఇంద్రధనుస్సులా కనిపించే అంచులు, తిప్పితే పట్టేసే డ్రమ్ములు. బూజు మొదలైతే ఇంట్లో విప్పకండి.

మాజీ స్నైపర్లు

యుద్ధం అయ్యాక చాలా స్నైపర్ రైఫిళ్లకి స్కోపులు పీకేసి, మామూలు రైఫిళ్లుగా మార్చేశారు. బేసు తీసి, బెజ్జాలు స్క్రూలతో పూడ్చి, చదును చేసి, పూత వేసి, తిన్నటి బోల్టు పెట్టారు. కొయ్య కోతలో చెక్క ముక్క అతికించారు లేదా కొయ్యనే మార్చారు. బ్యారెల్ మీది స్కోపు నంబరుకి గీత కొట్టారు. కలెక్టర్లు వీటిని "ఎక్స్ స్నైపర్" అంటారు. 2010 చుట్టుపక్కల మామూలు 91/30 రైఫిళ్లు 100 డాలర్లకి అటూ ఇటూ దొరికిన రోజుల్లో, గుట్టలో ఇలాంటివి తగిలేవి. విప్పితే రిసీవరు ఎడమ పక్క పూత కింద రెండు గుండ్రటి మచ్చలు, పక్కన గీత కొట్టిన నంబరు.

ఇప్పుడు అసలు గొడవ. ఈ బెజ్జాలు మళ్లీ తెరిచి, కొత్త బేసు బిగించి, నకలు స్కోపు పెట్టి "పునరుద్ధరించడం" సరైనదేనా? చాలామంది అవునంటారు, అది స్నైపరే కదా, మళ్లీ స్నైపర్ చేస్తే తప్పేంటి అంటారు. నేను ఒప్పుకోను. ఆ పూడ్చిన బెజ్జాలే ఆ రైఫిల్ కథలో సగం. సైన్యం దాన్ని స్నైపర్‌గా చేసింది, సైన్యమే వద్దనుకుని మామూలు సిపాయి రైఫిల్ చేసింది. డ్రిల్లుతో ఆ రెండో నిర్ణయాన్ని చెరిపేసే హక్కు మనకెక్కడిది? పైగా ఇలా తిరిగి చేసినవే రెండు చేతులు మారేసరికి "ఒరిజినల్ పీయూ"గా వేలానికి వస్తాయి. మొదట చేసినవాడు నిజాయితీపరుడే కావచ్చు, మూడోవాడు కాకపోవచ్చు. ఎవరైనా ఇప్పటికే అలా చేసేసి ఉంటే, ఆ విషయం రాసి రైఫిల్‌తో పాటు ఉంచాలి.

ఎప్పుడూ స్నైపర్ కాని మామూలు 91/30కి బెజ్జాలు వేసి పీయూ బిగించుకునేవాళ్లూ ఉన్నారు. కాల్చి సరదా తీర్చుకోవడానికైతే వాళ్లిష్టం. కాని కొనేవాడిగా మీరు తెలుసుకోవాల్సింది: అలాంటిదానికి సేకరణ విలువ మామూలు రైఫిల్‌కంటే తక్కువ, ఎక్కువ కాదు.

ఆయుధాగారం మరమ్మతు గుర్తు చిన్న చతురస్రం, దానిలో ఏటవాలుగా ఒక గీత. రిసీవరు మీద, కొయ్య మీద కూడా కనిపిస్తుంది. దీన్ని చూసి పెదవి విరిచే పాతకాపులున్నారు. నాకైతే ఆ గుర్తున్న నిజాయితీ గల రైఫిల్, కాగితాల్లేని "ఫ్యాక్టరీ ఒరిజినల్" కంటే నయం. మరమ్మతుకు పోని అసలు రైఫిళ్లు లేకపోలేదు. వియత్నాం నుంచి అమెరికన్ సైనికులు స్వాధీన పత్రాలతో తెచ్చుకున్నవి, ఫిన్లండ్ సైన్యం యుద్ధంలో పట్టుకుని "ఎస్‌ఏ" ముద్ర వేసినవి ఉన్నాయి. వాటికి ధర పెట్టొచ్చు, ఎందుకంటే ఆ వాదనకి వెనక కాగితమో ముద్రో ఉంది.

బ్యారెల్, మౌంటు, తూటా

ముద్రలన్నీ సరిపోయినా బ్యారెల్ పాడైతే చేతికొచ్చేది గోడకి తగిలించే అలంకారమే. మోసిన్ బ్యారెల్ ఎక్కువగా మూతి దగ్గరే అరుగుతుంది. సిపాయిలు ఉక్కు కడ్డీని మూతి వైపు నుంచే దించి తుడిచేవారు, రాపిడికి అక్కడ బులెట్‌ని తిప్పే లోపలి గాళ్లు అరిగిపోయేవి. ఆయుధాగారాలు కొన్నిటికి మూతి లోపల కొద్ది దూరం పెద్ద బెజ్జం తొలిచి, అరిగిన భాగం తీసేశాయి. దాన్ని కౌంటర్‌బోర్ అంటారు. కాల్చడానికి ఇబ్బంది లేదు, కాని స్నైపర్ విలువ తగ్గుతుంది, ధరలో అది కనిపించాలి. పరీక్షకి మందు లేని డమ్మీ తూటా తీసుకుని, రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బులెట్ కొసని మూతిలో పెట్టండి. తూటా తొట్టి (బులెట్ వెనకుండే గొట్టం) అంచు దాకా దిగిపోతే మూతి అరిగిపోయింది, కొంత బులెట్ బయట నిలిస్తే బావున్నట్టు. కౌంటర్‌బోర్ ఉన్నదానికి ఈ పరీక్ష పనికిరాదు.

కాల్చే ఉద్దేశం ఉంటే, బోల్టుకీ తూటా వెనకకీ మధ్య సందు కొలిచే హెడ్‌స్పేస్ గేజ్‌తో చూపించుకోవాలి. బోల్టు మారిన ప్రతి రైఫిల్‌కీ ఇది తప్పదు, నంబర్లు కలిసినా సరే, ఎందుకంటే ఆ నంబరు ఎప్పుడు గుద్దారో మనకి తెలీదు. తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ ఎంత బయటికి వస్తోందో చూడటానికి మోసిన్‌తో వచ్చే రేకు పనిముట్టు మీద 75, 95 అని రెండు గాట్లుంటాయి. పిన్ను కొస 75కి తగలాలి, 95కి తగలకూడదు. తక్కువైతే తూటా పేలదు, ఎక్కువైతే ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రగిలించే చిన్న మూత) చిల్లుపడి వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది.

మౌంటు సర్దుబాటే ఎక్కువమందిని ఓడిస్తుంది. పీయూ మౌంటు ముందు భాగం బేసు మీది గుండు మీద కూర్చుంటుంది. వెనక పెద్ద బిగింపు స్క్రూ ఒకటి, దానికి పైనా కిందా ఎదురెదురుగా రెండు చిన్న స్క్రూలు. పై స్క్రూ వదులు చేసి కింది స్క్రూ బిగిస్తే మౌంటు వెనక భాగం ఒక దిక్కుకి కదులుతుంది, తిరగేస్తే ఇంకో దిక్కుకి. ఎత్తు సరిదిద్దేది వీటితోనే. పక్కకి సరిదిద్దే స్క్రూ లేదు. ఫ్యాక్టరీలో మౌంటు ఆనే చోట ఇనుము ఆకురాయితో రాచి కుదిర్చేవారు, అందుకే ఒక రైఫిల్ మౌంటు ఇంకో రైఫిల్‌కి తెచ్చి పెడితే గురి ఎడమకో కుడికో పోతుంది. చాలామంది దీన్ని డ్రమ్ తిప్పి సరిచేస్తారు. పీయూలో డ్రమ్ తిప్పితే గురి గుర్తు అద్దం మధ్యనుంచి ఓ మూలకి జరిగిపోతుంది. స్కోపు చెడిపోయిందనుకుని అమ్మేసినవాళ్లున్నారు. చెడింది స్కోపు కాదు, మౌంటు. రాచకండి, రాచింది తిరిగి రాదు. పలుచని ఇత్తడి రేకు ముక్క రింగులో పెట్టి సర్దండి, రేపు తీసేయొచ్చు. మధ్యకి వచ్చాక డ్రమ్ పైనున్న చిన్న స్క్రూలు కాస్త వదులు చేసి, అంకెల రింగును కాల్చిన దూరానికి తిప్పి బిగించండి. ఆ స్క్రూలు పూర్తిగా ఊడదీయకండి, గడ్డిలో పడితే దొరకవు.

ఏమేరకు కొడుతుందని అడిగితే, మంచి బ్యారెల్, తగిన తూటా ఉంటే 100 గజాల దగ్గర 2, 3 అంగుళాల గుంపు వస్తే తృప్తిపడాలి. స్కోపు కొయ్యకి ఎత్తుగా ఉంటుంది, చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. స్కోపు కింద నుంచి ఇనుప సైటు కూడా కనిపిస్తుంది. క్లిప్పుతో అయిదు తూటాలు ఒకేసారి దించే వీలు లేదు, ఒక్కొక్కటీ పెట్టుకోవాలి. ఇవన్నీ ఆనాడూ ఇంతే.

తూటా 7.62×54 మి.మీ., అంచున్నది. పాత సైనిక తూటాలు 440 చొప్పున సీలు వేసిన డబ్బాల్లో, రెండు డబ్బాలు ఒక చెక్కపెట్టెలో వచ్చేవి. చవక, నమ్మకమైనవి, కాని ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాల్చాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక రకం ఉప్పు. అది గాలిలో తేమ లాక్కుని రాత్రికి రాత్రే బ్యారెల్‌ని తుప్పు పట్టిస్తుంది. నూనె ఉప్పుని కరిగించదు, నీళ్లు కరిగిస్తాయి. కిటికీ అద్దాలు తుడిచే ద్రవంలోని అమ్మోనియా ఏదో మాయ చేస్తుందని ఒక నమ్మకముంది, నిజానికి పని చేసేది అందులోని నీళ్లే. కాల్చిన రోజే గరాటుతో వేడినీళ్లు బ్యారెల్‌లో పోసి, గుడ్డలతో ఆరబెట్టి, నూనె పట్టించాలి. బోల్టు ముఖం, ఫైరింగ్ పిన్ కొస, మూతి కూడా మరవద్దు.

గ్రీజు తీయడంలో ఇంకో పొరపాటు. కొయ్య మీదున్నది లక్క, అది స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవమైనా ఆయుధాగారం పూతను తినేస్తుంది. ఇనుముకి మినరల్ స్పిరిట్స్ (ఆల్కహాల్ లేని పెయింట్ థిన్నర్) వాడండి, దానికి లక్క కరగదు. నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎండలో పెట్టే చిట్కా మామూలు సైనిక కొయ్యలకి పనికొస్తుంది, లక్క మాత్రం వేడికి మెత్తబడి సంచికి అంటుకుంటుంది. బోల్టు పట్టేస్తోందంటే తొట్టి పట్టే గదిలో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. 20 గేజ్ షాట్‌గన్ బ్రష్‌తో గట్టిగా తోమితే చాలాసార్లు ఆ రోగం అక్కడితో కుదురుతుంది.

మిగతావి

ఎస్‌వీటీ స్నైపర్ల విషయంలో ఒక్క మాట. రిసీవరు పక్కలనున్న గాళ్లు చూసి స్నైపర్ అనుకోకండి, చాలా మామూలు ఎస్‌వీటీలకి కూడా అవి ఉన్నాయి. స్నైపర్‌ని వేరు చేసేది రిసీవరు వెనక మౌంటు తట్టుకునే చిన్న గాటు.

డ్రాగునోవ్, అంటే ఎస్‌వీడీ, 1963లో సైన్యంలో చేరింది. 10 తూటాల మ్యాగజైన్, 4 రెట్ల పీఎస్‌ఓ-1 స్కోపు. అమెరికాలో అసలైనవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. దాని పౌర రూపం టైగర్ 1990ల మొదట్లో కొద్దిగా వచ్చింది, 1996లో అమెరికా, రష్యా మధ్య కుదిరిన ఒప్పందంలో అనుమతించిన తుపాకుల జాబితాలో లేకపోవడంతో ఆగిపోయింది. చైనా నకలు ఎన్‌డీఎం-86 కూడా దిగుమతుల నిషేధంతో అరుదైపోయింది. ఈ ఖాళీలోకి వచ్చింది రుమేనియా పీఎస్ఎల్. పైకి డ్రాగునోవ్‌లా ఉంటుంది, లోపల మాత్రం పెద్దది చేసిన కలాష్నికోవ్. మ్యాగజైన్లు ఒకదానివి ఇంకోదానికి పట్టవు. పీఎస్ఎల్ మంచి తుపాకే, దాన్ని పీఎస్ఎల్ అనే పేరుతో, ఆ ధరకే కొనండి.

సరఫరా ఇక పెరగదు. 2014 ఆంక్షలతో కలాష్నికోవ్ సంస్థ దిగుమతులు ఆగాయి. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తుపాకులకీ తూటాలకీ కొత్త అనుమతులు అమెరికా ఆపేసింది. ఇప్పుడు మంచి పీయూ వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ధర పెరిగే కొద్దీ సుత్తులూ అక్షరాల సెట్లూ ఇంకా ఎక్కువ పనిచేస్తాయి.

అమెరికాలో 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న తుపాకులు "క్యూరియో అండ్ రెలిక్" కిందకి వస్తాయి. వాటి సేకరణకి కలెక్టరు లైసెన్సు ఉంది, మూడేళ్లకి 30 డాలర్లు, కొన్న ప్రతిదీ పుస్తకంలో నమోదు చేయాలి. రూపం మార్చేసినదానికి ఆ హోదా పోవచ్చు, బెజ్జాలు వేసే ముందు ఇదీ ఆలోచించండి. రాష్ట్రాల చట్టాలు వేరువేరు.

అక్కడున్న తెలుగువాళ్లకి ఇంతకంటే ముఖ్యమైన సంగతి వీసా. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో ఎక్కువమందికి వర్తించేది, రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉండటం. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది దగ్గర పెట్టుకోవడం కిందకే వస్తుంది. స్నేహితుడి తుపాకీని ఓసారి పట్టుకుని ఫోటో దిగితే ఏమవుతుందిలే అనుకోవద్దు, వలస కేసు మొత్తం దాంతో పోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. అనుమానముంటే ముందు వలస లాయరుని అడగండి, తుపాకీ డీలరుని కాదు.

భారతదేశంలో ఈ సేకరణ కుదరదు. డ్రాగునోవ్ మన సైన్యం చేతిలో దశాబ్దాలుగా ఉన్నా, సైనిక తూటా కాల్చే రైఫిల్ మామూలు పౌరుడికి 1959 ఆయుధాల చట్టం కింద నిషిద్ధ బోరే. అక్కడ సేకరించింది ఇక్కడికి తెచ్చుకోవచ్చన్న ఆలోచన పెట్టుకోకండి. రేంజ్‌కి తీసుకెళ్లిన సంచీతో ఇండియా ప్రయాణం కట్టకండి. అడుగున మరచిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో స్కానర్ దగ్గర ఆపి కేసు పెట్టడానికి.

కొన్న రోజే ఒక కాగితం రాసి రైఫిల్‌తో ఉంచండి. బ్యారెల్ నంబరు, రెండు సంవత్సరాలు, స్కోపు నంబరు, గీత కొట్టినవీ కొట్టనివీ అన్ని నంబర్లూ, ఎక్కడున్నాయో, ఏ పరిస్థితిలో ఉన్నాయో. ప్రతిదానికీ దగ్గరి ఫోటో. మీరేదైనా భాగం మారిస్తే తేదీతో సహా రాయండి. తీసిన పాత భాగం ఎంత తుప్పుదైనా పారేయకుండా, చీటీ కట్టి అదే పెట్టెలో పడేయండి.